ఇంకా రాని ఆటకు ఏ కార్డు?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక కొటేషన్ కాగితం. సంక్రాంతికి కేతేపల్లిలో అక్క వాళ్లింటికి పోతే మా మేనల్లుడు తెచ్చి చేతిలో పెట్టాడు. పండుగకు ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి పోయి ఒక షాపులో రాయించుకొచ్చాడట. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ అన్నీ కలిపి లక్షా ఇరవై వేల పైమాటే. కాగితం నెత్తిన పెద్దక్షరాలతో 'జీటీఏ 6 రెడీ' అని అచ్చు వేశారు.

రెడీ అని ఎవరు చెప్పారు? ఆ ఆటను చేస్తున్న రాక్‌స్టార్ కంపెనీ చెప్పలేదు. మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. 2025లో ఆట అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు నవంబర్ 19 అంటున్నారు. అదీ ప్లేస్టేషన్ 5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు మాత్రమే. పీసీకి ఎప్పుడొస్తుందో ఇంతవరకు ఒక్క మాట లేదు. పీసీకి వస్తుందనే ప్రకటనే లేని ఆటకు ఏ కార్డు కావాలో ఏ షాపువాడికీ తెలిసే వీలు లేదు. తెలియని దాన్ని తెలిసినట్టు అచ్చు వేసి, పల్లె నుంచి వచ్చిన పిల్లవాడి చేతిలో పెట్టడం అన్యాయం.

మా బావకు మూసీ కాలువ కింద వరి పొలం ఉంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "విత్తనం బస్తా మీద బొమ్మ జూసి ఎవడన్న ఎకరం పెట్టుబడి పెడతడా? గని వాని మాట నాకు సమజైతలేదు. నువ్వే చెప్పు బామ్మర్దీ, కొనాల్నా, ఆగాల్నా?" అన్నాడు. వాడేమో, "మామా, ఇప్పుడు కొనకుంటే రేట్లు ఇంకా పెరుగుతయంటున్నరు" అని పక్కన నిలబడ్డాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత మాట తెలుసు. ఆట చేతికొచ్చాక, దానికి ఏం కావాలో కంపెనీ రాసిచ్చాక, అప్పుడు కార్డు కొనండి. రాక్‌స్టార్ చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. శాన్ ఆండ్రియాస్ 2004 అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 2కు వస్తే, పీసీకి 2005 జూన్‌లో వచ్చింది. జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్ 17న, పీసీకి 2015 ఏప్రిల్ 14న. అంటే 19 నెలలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు ఏడాది పైనే పట్టింది. ఈ లెక్కన జవాబు తేలికే: ఆగు.

ఆ మాట అనబోయి ఆగాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే 2004 నాటి నకిరేకల్‌కు వెళ్లాలి.

అప్పుడు తొమ్మిదో నంబరు హైవే అనేవాళ్లం, ఇప్పటి 65ను. ఆ రోడ్డు మీద బస్టాండుకు దగ్గర్లో ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. పగలు పీజీడీసీఏ క్లాసులు, సాయంత్రం గంటకింత అని ఆటలు. జీటీఏ వైస్ సిటీ రాజ్యమేలుతున్న రోజులవి. దానికి 32 ఎంబీ కార్డు చాలు కాబట్టి ఆ సెంటర్‌లో ప్రతి మిషన్ మీదా నడిచేది. కుర్రాళ్లు వరసలో నిలబడి తమ వంతు కోసం చూసేవాళ్లు. నేనూ ఆ వరసలో ఉన్నవాణ్నే.

ఇంతలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా: శాండ్స్ ఆఫ్ టైమ్ వచ్చింది. 2003 చివర్లో విడుదలైన ఆట, మా దాకా రావడానికి కొన్ని నెలలు పట్టింది. సెంటర్ ఓనరు ముచ్చటపడి సీటీసీ నుంచి కొత్త కార్డు తెచ్చి ఒక మిషన్‌లో పెట్టాడు. జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440, 64 ఎంబీ. డబ్బా మీద 4 అంకె మెరుస్తోంది. సీడీ వేశాడు, ఇన్‌స్టాల్ అయింది, ఆట మాత్రం మొదలు కాలేదు. సెట్టింగ్‌లన్నీ తగ్గించినా కాలేదు. అదే వారం సూర్యాపేట నుంచి వచ్చిన ఒక కుర్రాడి దగ్గర జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 ఉంటే, పెట్టి చూశారు. ఆ తరంలో అది అడుగు రకం కార్డు. పాత ఆటల్లో ఎంఎక్స్ కన్నా గొప్పగా ఏమీ పరుగెత్తేది కాదు. అయినా ప్రిన్స్ దాని మీద లేచి గోడ ఎక్కాడు.

కారణం ఆ తర్వాత తెలిసింది. ఆ ఆటకు పిక్సెల్ షేడర్ అనే పని చేసే సర్క్యూట్ కావాలి. నీటి మీద మెరుపు, మసక వెలుతురు అన్నీ దానితోనే గీస్తుంది. జీఫోర్స్ 3లో ఆ సర్క్యూట్ ఉంది. పేరులో 4 ఉన్న ఎంఎక్స్‌లో లేదు, ఎందుకంటే అది లోపల అంతకు ముందు తరం డిజైన్. ఆట డబ్బా మీద కూడా జీఫోర్స్ 4 ఎంఎక్స్ పనికిరాదని చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది. మా దగ్గరికి డబ్బా వస్తే కదా చదివేది, కాపీ సీడీ వచ్చింది.

అప్పటి నుంచి కార్డు విషయంలో నేను రెండు లోపాలను వేరు చేసి చూస్తాను. నెమ్మదితనం ఒకటి, చేతకానితనం ఇంకొకటి. నెమ్మదిగా ఉన్న కార్డుతో సర్దుకోవచ్చు. నీడలు తగ్గించు, రిజల్యూషన్ 1440 బదులు 1080కి దించు, నడుస్తుంది. చేతకాని కార్డుకు ఆ దారి లేదు. ఎంత దించినా లేని సర్క్యూట్ పుట్టదు. అమ్మేవాళ్లు మాట్లాడేది ఎప్పుడూ వేగం గురించి, జీబీల గురించి. జీటీ 730 అనే కార్డును 4 జీబీ అని చెప్పి ఇప్పటికీ అమ్ముతారు. దాని మీద ఉన్నది చాలా సందర్భాల్లో నెమ్మదైన డీడీఆర్ 3 మెమరీ. అసలు అది టేబుల్ మీద ఇంకో మానిటర్ తగిలించుకోవడానికి పనికొచ్చే కార్డు.

ఇప్పుడు అదే కథ రే ట్రేసింగ్‌తో నడుస్తోంది. వెలుగు కిరణం ఎక్కడ తగిలి ఎటు మళ్లుతుందో లెక్కకట్టే సర్క్యూట్ అది. నిన్నమొన్నటి దాకా ఇష్టముంటే ఆన్ చేసుకునే సోకు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ ఆ సర్క్యూట్ లేకుంటే మొదలే కావు. 2019లో ఆర్‌టీఎక్స్ 2060, జీటీఎక్స్ 1660 కొద్ది నెలల తేడాతో వచ్చాయి, రెంటికీ 6 జీబీ మెమరీనే. ఒకదానికి ఆ సర్క్యూట్ ఉంది, రెండోదానికి లేదు. కొన్ననాడు డబ్బు మిగిలిందని 1660 కొన్నవాళ్లు ఈనాడు ఆ ఆటల గుమ్మం బయటే ఉన్నారు.

మా మేనల్లుడి మిషన్ 2021లో కరోనా క్లాసుల కోసం కొన్నది. ఐ5 10400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్ 4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. ఆ ఏడాది క్రిప్టో మైనింగ్ వాళ్లు మంచి కార్డులన్నీ ఎగరేసుకుపోతే, 2016 నాటి ఈ 1050 టీఐ మళ్లీ బజారుకొచ్చింది. గత్యంతరం లేక కొన్న కార్డు ఐదేళ్లు మోసింది, దాని రుణం తీరిపోయింది. వాడు జీటీఏ 6 అని కలవరిస్తున్నాడు గానీ, ఇప్పటికే వచ్చిన ఎన్నో ఆటలు వాడికి అందట్లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఇరవై ఏళ్ల వయసులో చూడాల్సిన లోకాలు కొన్ని ఉంటాయి. నలభైలో వాటికి సమయం దొరకదు.

అందుకే ఇంటికొచ్చి మళ్లీ రాక్‌స్టార్ లెక్కలు తీశాను. ఈసారి తేదీలు పక్కనపెట్టి, పీసీకి వచ్చిన రోజున వాళ్లు ఏ కార్డు అడిగారో చూశాను. జీటీఏ 5కు కంపెనీ సిఫారసు చేసింది జీటీఎక్స్ 660. ఆ కార్డు 2012లోనే బజారులో ఉంది, ఆట కన్సోళ్లకు రావడానికి ఏడాది ముందే. రెడ్ డెడ్ 2కు అడిగింది 6 జీబీ జీటీఎక్స్ 1060. అది 2016 జూలై నాటిది, ఆట కన్సోళ్లకు వచ్చింది 2018 అక్టోబర్‌లో. రెండుసార్లూ అంతే: సిఫారసు చేసిన కార్డు, కన్సోల్ ఆట రాకముందే అంగట్లో ఉన్న మధ్యస్థాయి కార్డు. ఆగమని చెప్పే చరిత్రే, కావలసిన కార్డు ఇప్పటికే వచ్చేసి ఉంటుందనీ చెబుతోంది.

దీనికి తగిన కారణం ఉంది. ఆటను ముందు కన్సోల్ కోసం కుదిస్తారు. జీటీఏ 6 ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మీద నడవాలి. దాని మొత్తం మెమరీ 10 జీబీ. ప్లేస్టేషన్ 5లో 16 జీబీ, అది ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి. రెండో ట్రైలర్ మొత్తం ప్లేస్టేషన్ 5 మీదే తీశామని రాక్‌స్టార్ చెప్పింది. కాబట్టి ప్లేస్టేషన్ 5తో సమానమైన బలం, రే ట్రేసింగ్ సర్క్యూట్, 8 జీబీ దాటిన మెమరీ ఉన్న కార్డు మీద ఆ ఆట మధ్యస్థంగానైనా నడుస్తుందని నా గట్టి నమ్మకం. ఐదారు వందల వాట్లు తాగే రాక్షస కార్డులు దీనికి అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆగితే ధర తగ్గుతుందనే లెక్క ఈ ఏడాది పనిచేయదు. 2022లో పనిచేసింది. ఆ సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోగానే కార్డులు దిగొచ్చాయి. ఇప్పుడు మెమరీ చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లు లాక్కుంటున్నాయి. మొన్న డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనబోటివాళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. కార్డు మీద ఉండే మెమరీ చేసేది కూడా ఆ మైక్రాన్, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లే. రేట్లు పెరుగుతాయని మా వాడు విన్నది ఈ ఒక్క విషయంలో నిజం.

కాబట్టి బావకు ఫోన్ చేసి చెప్పాను. ఆ కొటేషన్ వద్దు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ముట్టుకోవద్దు. ఆ కొత్త బోర్డు వేస్తే డీడీఆర్ 5 ర్యామ్ కొనాలి, ఇవాళ నిప్పులా ఉన్నది దాని ధరే. కార్డు మాత్రం ఇప్పుడే కొనండి. రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐకీ ఇదే తంతు, అడిగి మరీ చూసుకోవాలి. 5060 టీఐ మంచి కార్డే. కానీ అది బోర్డుతో ఎనిమిది దారుల్లోనే మాట్లాడుతుంది, 9060 ఎక్స్‌టీ పదహారు దారుల్లో. మా వాడి బోర్డు పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 రకం, కనుక పదహారే మేలు. కరెంటు సరఫరా చేసే కొత్త ఎస్ఎంపీఎస్‌తో కలిపినా ఆ కాగితంలో రాసిన సొమ్ములో సగం కాదు.

ఎస్ఎంపీఎస్ మాట వచ్చింది కనుక నా పాత పోరు మళ్లీ పెడతాను. నకిరేకల్‌లో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ఎస్ఎంపీఎస్‌ను ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. తేలిగ్గా ఉంటే లోపల రాగి, కాయిళ్లు తక్కువని చెప్పి పక్కన పెట్టేవాడు. డబ్బా మీద 450 వాట్లని రాసినా లెక్కచేసేవాడు కాదు. అప్పట్లో త్రీఫేజ్ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న బోరు మోటర్లన్నీ ఒక్కసారి ఎత్తుకునేవి. బల్బులు ఎర్రబడేవి, నాసి ఎస్ఎంపీఎస్‌లు ఆ దెబ్బకే పోయేవి, పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోయేవి. 2018 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. అయినా పొలాల మధ్య ఉన్న ఇంట్లో మంచి కంపెనీది 550 వాట్ల ఎస్ఎంపీఎస్, దాని వెనక యూపీఎస్ లేకుండా కార్డు పెట్టొద్దు. కేతేపల్లి ఎండలకు స్లాబు కింద గది మేలో పొయ్యి అవుతుంది. క్యాబినెట్‌ను మంచానికీ గోడకూ మధ్య ఇరికించకండి, నెలకోసారి ఫ్యాన్ల దుమ్ము దులపండి. ఎర్తింగ్ గుంతలో ఎండాకాలమంతా నీళ్లు పోయండి. ఈ పని మా బావ తప్పకుండా చేస్తాడు, ఇంటి ముందు మోటరుకు ఏళ్లుగా చేస్తున్నదే.

బావ చివర్లో, "ఇంత పెట్టి ఆటలాడితే ఏమొస్తది?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. రాక్‌స్టార్‌కు బెంగళూరులో పెద్ద స్టూడియో ఉంది. మన దేశపు తొలి ఆటల కంపెనీల్లో ఒకటైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో కొని అందులో కలుపుకుంది. ఎన్‌విడియా, ఏఎండీ రెండింటికీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. సూర్యాపేటలో బీటెక్ చదివే పిల్లవాడికి ఆ తలుపులు దూరమేమీ కావు. కార్డు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆటతోనే మొదలవుతుంది. నాకు ఆ సెంటర్‌లో ప్రిన్స్ లేవని సాయంత్రమే మొదలైంది.

సీటీసీకి పోయేవాళ్లకు ఒక మనవి. జీఎస్టీ బిల్లు లేకుండా ఇస్తే తగ్గుతుందన్నా ఒప్పుకోకండి. బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకోండి, అది డబ్బా మీదా కార్డు మీదా ఒకటే ఉందో లేదో షాపులోనే చూడండి. కార్డుకు ఏదైనా అయితే సర్వీస్ సెంటర్ మొదట అడిగేది ఆ బిల్లు, ఆ నంబరే.