తుపాకి సంఘమూ, తక్కిన రాజకీయాలూ

ఒకే హక్కును పట్టుకొన్న సంఘం తక్కిన రాజకీయాల జోలికి పోవచ్చునా? అమెరికాలోని నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గురించి తరచు వినవచ్చే ప్రశ్న ఇది. 1871లో గురి నేర్పడానికి పుట్టిన ఆ సంఘం 1977 నాటి సిన్సినాటి మహాసభతో రాజకీయ శక్తిగా మారింది. 1980లో రీగన్‌ను బలపరచింది. తర్వాత సొంత టెలివిజన్ ప్రసారాలూ వచ్చాయి. పిల్లల రైలుబొమ్మల కార్యక్రమంలో కెన్యా దేశపు పాత్ర చేరినందుకు, 2018లో ఆ రైళ్ళకు కూక్లక్స్ క్లాన్ ముసుగులు తొడిగి పరిహసించారు! తుపాకికీ దీనికీ ఏమి సంబంధం? సంఘ నాయకులలోనే కొందరికి ఈ ధోరణి మింగుడుపడలేదు. 2019లో ఆ ప్రసారాలు ఆగిపోయాయి.

కాని నా అభ్యంతరం ఈ వాచాలత్వం కంటె మౌనం మీదనే ఎక్కువ. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు బాహాటంగా తుపాకులు ధరించి తిరిగినప్పుడు, దానిని నిషేధించిన మల్ఫర్డ్ చట్టాన్ని ఈ సంఘమే సమర్థించింది. 2016లో మిన్నెసోటాలో నల్లజాతివాడైన ఫిలాండో కాస్టిల్, కారు ఆపిన పోలీసుతో తన వద్ద తుపాకి ఉన్నదని తానే చెప్పాడు. దానికి లైసెన్సూ ఉన్నది. అయినా కాల్చి చంపారు. సంఘం నాడు వెలువరించిన ముక్తసరి ప్రకటనలో అతని పేరైనా లేదు. రైలుబొమ్మ సంఘం పరిధిలోనిదై, లైసెన్సుదారుని చావు 'ఇతర విషయం' ఎట్లయింది?