కౌంట్ అంటే ఎంత?

కైకలూరు నుంచి ఆకివీడు దాకా చెరువు గట్ల మీద ఇంగ్లీషు మాటలకు కొదవ లేదు. సీడ్, ఏరేటర్, ప్రోబయోటిక్ అనడానికి ఏ రైతూ నిఘంటువు తిరగెయ్యడు. 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతించిన వెనామీ రొయ్య పేరు ఇప్పుడు తెలుగు మాటే. కనుక ఆక్వా పనుల్లోకి వెళ్లే పిల్లలకు ఇంగ్లీషు కోర్సు అంటే సాంకేతిక పదాల జాబితా అనుకోవడం పొరపాటు. చిక్కంతా తెలుసనుకున్న చిన్న మాటల దగ్గరే. మన దగ్గర 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు. అమెరికా ప్యాకెట్ మీద 21/25 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 21 నుంచి 25. విత్‌డ్రాయల్ అనగానే బ్యాంకు గుర్తొస్తుంది. మందు డబ్బా మీద విత్‌డ్రాయల్ పీరియడ్ అంటే మందు ఆపాక పట్టుబడి దాకా ఆగాల్సిన రోజులు. ల్యాబ్ రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’ అంటే బొత్తిగా లేదని కాదు, ఆ పరీక్షకు అందేంత మేర కనబడలేదని. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయోటిక్ మందుల జాడ తగిలితే పై దేశాలు సరుకును తిప్పి పంపే వ్యాపారంలో ఈ తేడాలు ఖరీదైనవి.

ఇవి తరగతి గదిలో కూర్చుని ఊహిస్తే దొరకవు. మేత బస్తా, మందు డబ్బా, ల్యాబ్ కాయితం, ఎగుమతి పత్రం పోగేసి, వాటిని ఎవరు చదువుతారు, చదివి ఏం తేల్చుకుంటారు అని అడిగాకే సిలబస్ రాయాలి. ఇంగ్లీషు బోధన మీద 1987లో వచ్చిన తమ పుస్తకంలో హచిన్సన్, వాటర్స్ అవసరాలను మూడుగా విడదీశారు: పనికి కావలసింది, నేర్చుకునేవారికి కొరవడింది, వారు కోరుకునేది. ఇంటర్వ్యూ ఇంగ్లీషు మూడోది. మొదటి రెండూ తేల్చకుండా దానితోనే మొదలుపెడితే ఉద్యోగం వస్తుందేమో గానీ రిపోర్టు చదవడం రాదు.

ఇంగ్లీషు మాస్టారికి రొయ్యల సంగతేం తెలుసు అనవచ్చు. తెలియనక్కర్లేదు, టెక్నీషియన్‌ను అడగడం తెలిస్తే చాలు. చెరువు ఇంగ్లీషు నేర్పితే పిల్లలు చెరువు దగ్గరే ఉండిపోతారన్న భయం అంతకన్నా బరువైనది. కానీ వాళ్లకు అబ్బేది రొయ్య కాదు, చదివే తీరు. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న వెంకట్రామన్నగూడెం వైపు కూరగాయల తోటకు తెచ్చే పురుగుమందు కాయితం మీద ‘వెయిటింగ్ పీరియడ్’ అని ఉంటుంది. విత్‌డ్రాయల్ సంగతి ఒంటబట్టినవాడు దాన్ని తడుముకోకుండా చదువుతాడు. లేబుళ్లే తెలుగులో వెయ్యొచ్చు కదా అంటే, వెయ్యాల్సిందే. అయినా కొనేవాడి పత్రం తెలుగులో రాదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల ఇంగ్లీషు శాఖలకు ఒక్క మనవి: ఈసారి సిలబస్ సమావేశంలో పాఠ్యపుస్తకాలకన్నా ముందు ఒక ఖాళీ మేత బస్తా, ఒక ల్యాబ్ రిపోర్టు బల్ల మీద పెట్టండి.