ఎవరింటి టీవీ?

ఈ పదేళ్లలో తెలుగులో ఒక రకం రాత బాగా పెరిగింది. శక్తిమాన్, చిత్రలహరి, గోటీలు, చిర్రగోనె, సైకిల్ టైరు, కరెంటు పోతే వాకిట్లో వేసుకున్న నులక మంచం. వీటిని ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ పోయి ఆ రోజులే వేరు అని ముగిస్తారు. చదువుతుంటే హాయిగానే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. అయితే మన తండాల నుంచి కొత్తగా రాస్తున్న పిల్లలు కూడా ఇదే అచ్చులో రాసి తెస్తున్నారు. మాక్లూర్ మండలంలో ఒక తండాలో పుట్టి, ఇంట్లో గోర్ బోలి తప్ప ఇంకో మాట వినకుండా ఐదేళ్లు పెరిగి, సెలవులొస్తే యాడి వెంట కూలికి పోయినవాళ్లు కూడా బాల్యం గురించి రాయమంటే శక్తిమాన్‌తో మొదలుపెడుతున్నారు. పేరు తీసేసి చదివితే ఆ రాత తండాదో, హైదరాబాదులో ఏదో కాలనీదో పోల్చుకోలేం. శక్తిమాన్‌ను మేమూ చూశాం, అది అబద్ధం కాదు. ఎక్కడ నిలబడి చూశామో అదే రాతలోకి రావడం లేదు.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో 'నైన్టీస్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' అని ఆరు భాగాల సిరీస్ వచ్చింది. ఆదిత్య హాసన్ తీశాడు. లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, ఆయన భార్య రాణిగా వాసుకి, వాళ్లకు ముగ్గురు పిల్లలు. మార్కుల భయం, రూపాయి రూపాయి లెక్క చూసుకునే తండ్రి, అటు మొగుడికీ ఇటు పిల్లలకూ మధ్య నలిగే తల్లి. పెద్ద సంఘటనలేవీ జరగవు. అరుపులు లేవు, దుర్మార్గుడు లేడు. ఇల్లు మామూలుగా ఎట్లా నడుస్తుందో అట్లాగే చూపించి జనాన్ని కూర్చోబెట్టడం తేలిక పని కాదు, ఆ పని ఈ సిరీస్ చేసింది. మా తండాలో కూడా ఫోన్లలో అందరూ చూశారు, నవ్వుకున్నారు. నేనూ ఒక్క రాత్రిలో పూర్తి చేశాను.

అయితే అందులో ఒక విషయం దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాస్టారు పనిచేసేది సర్కారు బడిలో. ఆయన పిల్లలు చదివేది ప్రైవేటు బడిలో. కథ ఆయన ఇంటి చుట్టూ, ఆయన పిల్లల బడి చుట్టూ తిరుగుతుంది. సర్కారు బడి ఆయనకు జీతం ఇచ్చే చోటు. మరి రోజూ పొద్దున ఆయన బోర్డు మీద లెక్క వేస్తుంటే ఎదురుగా కూర్చున్నదెవరు? ఆ పిల్లలకు కూడా అవే తొంభైలు కదా. మాక్లూర్ చుట్టుపక్కల తండాల పిల్లలు ఆ ఏళ్లలో చదువుకున్నది అట్లాంటి బళ్లలోనే. టౌన్ నుంచి బస్సులో వచ్చే సార్ సాయంత్రం బస్సు వేళకు గడియారం చూసుకునేవాడు. ఆ బస్సు దిగి ఆయన ఇంటికి పోయాక ఏం తింటాడో, పిల్లలతో ఏం మాట్లాడతాడో మాకు తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఇంటి లోపలి భాగం మాకు సిరీస్‌గా కనిపించింది. ఆసక్తిగానే చూశాం. ఇటు వైపు నుంచి మాత్రం అట్లాంటి సిరీస్ రాలేదు.

ఇందులో సిరీస్ తీసినవాళ్ల నేరం లేదు. పేరులోనే మిడిల్ క్లాస్ అని పెట్టుకున్నారు, అది నిజాయితీ. చూసినవాళ్లు, దాని మీద రాసినవాళ్లు ఆ రెండు మాటలు వదిలేసి 'తొంభైలు' ఒక్కటే పట్టుకున్నారు. 'మనందరి బాల్యం' అన్నారు. ఆ 'అందరి'లోకి మనవాళ్లు కూడా పరుగెత్తుకుంటూ పోయి చేరారు. నేను తగువు పడేది ఇక్కడే.

టీవీ ఎవరిది అన్న ప్రశ్న ఈ దేశంలో టీవీతోపాటే పుట్టింది. 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు ప్రసారాలు పంపిన ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు సెట్లు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఉంది. ఆ సెట్టు ఏ ఒక్కరి ఇంటిదీ కాదు, ఊరిది. బయట కూర్చుని ఊరంతా చూడాలి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, తర్వాత టీవీ మెల్లగా ఇంట్లోకి పోయింది. 1987లో రామాయణం, ఆ మరుసటి ఏడాది మహాభారతం మొదలయ్యే నాటికి ఊళ్లో టీవీ అంటే పటేల్ ఇంట్లోదో, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్నదో. మన జిల్లాలో ఈ రెండోది ఎక్కువే. దుబాయ్ పోయివచ్చిన ఇంటికి టేప్ రికార్డర్, టీవీ, గోడ గడియారం వచ్చేవి. తండా నుంచి దుబాయ్ పోయినవాళ్లు తక్కువ. బొంబాయి, భివండి పోయినవాళ్లే ఎక్కువ. భివండి కూలితో టీవీ రాదు.

అందుకని ఊరికి నడిచి పోయేవాళ్లం. తెలిసినవాళ్ల ఇల్లే అయినా ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పకుండానే అందరికీ తెలుసు. ఇంటివాళ్లు మంచం మీద, ఊరి పిల్లలు చాప మీద, తండా పిల్లలు గడప అవతల లేదా కిటికీ దగ్గర. కిటికీ ఊచలు పట్టుకుంటే ముందున్నవాడి తల అడ్డం వచ్చేది, తెరలో సగమే కనబడేది. మహాభారతంలో రథం కుడి నుంచి ఎడమకు పోతే నేను చూసింది సగం దారే. ఊరికే చూడనిచ్చేవాళ్లూ ఉన్నారు. కొన్నిచోట్ల ముందు రెండు బిందెల నీళ్లు మోయాలి, లేదా బర్రె కింద పేడ తీయాలి. ఈ సంగతి ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. శక్తిమాన్‌కు ఒక ధర ఉండేది, అది మేం కట్టాం. అది రాయకుండా శక్తిమాన్ గురించి రాస్తే లెక్క సగమే రాసినట్టు.

అదే కిటికీ దగ్గర ఇంకో విచిత్రం జరిగేది, ఇది ఎవరి రాతలోనూ నాకు కనబడలేదు. రామాయణం హిందీ. మాస్టారు, పటేల్ తప్ప ఊళ్లో చాలామందికి ఆ హిందీ అంతగా అందేది కాదు. మా దాది ఒక్కరోజు కూడా బడికి పోలేదు. కాని గోర్ బోలి రాజస్థానీ వైపు భాష, ద్రావిడ భాష కాదు. పాణి అంటే నీళ్లే, ఘర్ అంటే ఇల్లే, హాత్ అంటే చెయ్యే. సంస్కృతం నిండిన పెద్ద మాటలు వదిలేస్తే తెర మీద మాట్లాడేది ఆమెకు సగానికి పైగా అర్థమయ్యేది. గడప లోపల కూర్చున్న ఆడవాళ్లు గడప బయట ఉన్న లంబాడి ముసలమ్మను 'ఏమంటున్నడే ఆయన' అని అడిగేవాళ్లు. ఆమె తనకొచ్చిన తెలుగులో చెప్పేది. ఆ అరగంట సేపు కిటికీ అవతల ఉన్నదానికే భాష ఉంది. తర్వాత ఎవరిళ్లకు వాళ్లు.

ఈ దగ్గరితనానికి ఒక మూల్యం కూడా ఉంది. 2011 జనాభా లెక్కల్లో లమాణీ, లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. ఆ లెక్కను వేరే భాషగా చూపలేదు, హిందీ కింద కలిపేశారు. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి, అందులో మనది లేదు. 2003లో సంతాలీ చేరింది, మనది చేరలేదు. టీవీలో వచ్చిన మాట మనకు అర్థమైంది కాబట్టి అది మన మాటే అనుకోవడం అప్పుడే మొదలైందేమో. మన మాట మాత్రం ఆ పెట్టెలోంచి ఎన్నడూ వినబడలేదు. మనవాళ్లు తెర మీద కనబడితే అద్దాల గాగ్రాతోనే కనబడేవాళ్లు, అదీ సినిమా పాటలో, ఆ బట్ట కట్టింది హీరోయిన్. చిత్రలహరిలో అట్లాంటి పాట వస్తే కిటికీ దగ్గర మా ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లు. గాజులు వేసుకున్న తీరు తప్పని, కట్టు తప్పని. ఆ నవ్వు కూడా సినీ విమర్శే. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

తండాకు సొంత టీవీ అసలే లేదనుకోవద్దు. ఏడాదికి ఒకటి రెండు రాత్రులు ఉండేది. పెళ్లికో పండుగకో నిజామాబాద్ నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చేవాళ్లు. ఇంటికి ఐదో పదో నాయక్ దగ్గర జమ చేయాలి. సెట్టుతోపాటు దాన్ని నడిపే పిల్లవాడొకడు వచ్చేవాడు. వాడికి ఆ రాత్రి ఉన్న మర్యాద పెళ్లికొడుక్కి కూడా ఉండదు. బొమ్మ గీతలు పడితే మూత విప్పి హెడ్ తుడిచేవాడు. అంతసేపు తండా అంతా ఊపిరి బిగబట్టుకునేది. మూడు సినిమాలు, తెల్లారేదాకా. అక్కడ గడప లేదు, కిటికీ లేదు. ముసలివాళ్లు ముందర, పిల్లలు కింద, ఆడవాళ్లు ఒక పక్క, కుక్కలు ఎక్కడ పడితే అక్కడ. మూడో సినిమా సగానికి సగం తండా నిద్రలో ఉండేది, అయినా ఆపనిచ్చేవాళ్లు కారు. డబ్బులు కట్టింది తెల్లారేదాకా. నాకు టీవీ అంటే గుర్తొచ్చే సంతోషం ఇదే. మన పిల్లల రాతల్లో ఆదివారం శక్తిమాన్ ఉంటుంది, ఈ రాత్రి ఉండదు. చదువుకున్న ఊళ్లోవాళ్లు దాన్ని గొప్పగా చెప్పుకోలేదు కాబట్టి మనమూ చెప్పుకోవడం మానేశాం.

ఆటల విషయం కూడా ఇట్లాగే ఉంది, అయితే ఇక్కడ తప్పు మరీ సులభంగా జరుగుతుంది. కచ్చకాయలు, ఓనగుంటలు, అష్టాచెమ్మ అని పేర్లు రాస్తే ఆట రాసినట్టు కాదు. ఆట ఆడటానికి ఖాళీ కావాలి. తండాలో ఆడపిల్ల కచ్చకాయలు ఆడితే ఒడిలో తమ్ముడు ఉంటాడు. ఒక చేత్తో కాయ ఎగరేసి రెండో చేత్తో వాణ్ని పట్టుకోవాలి. మగపిల్లలు చిర్రగోనె ఆడేది మేకలు పక్క చేలో పడకుండా చూసుకుంటూనే. అందుకే మా చిర్రగోనెలో దెబ్బ ఎప్పుడూ మేకలున్న దిక్కుకే. మేకలతోపాటు చిర్ర కూడా దొరుకుతుందని లెక్క. ఆ ఆటకు నియమాలు పెట్టింది పని. తీజ్ తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడుకునేది ఆట కింద వస్తుందా, పూజ కింద వస్తుందా? హోళీకి లేంగి పాటలు పాడుతూ ఒకరినొకరు వెక్కిరించుకునేది? వీటిని సంస్కృతి అనే వేరే సంచిలో వేసి, బాల్యం వ్యాసంలోకి మాత్రం ఊళ్లోవాళ్ల ఆటలు తెచ్చుకుంటున్నాం. ఆ ఆటలను కూడా ఇంట్లో మన పెద్దవాళ్లు పిలిచిన పేర్లతో కాక తెలుగు పుస్తకంలో ఉన్న పేర్లతో రాస్తున్నాం.

ఇక కాలం. ఈ జ్ఞాపకాల రాతల్లో ఏడాదికి రెండే రుతువులుంటాయి, బడి, ఎండాకాలం సెలవులు. బోధన్ చెరుకు పట్టీలో ఇంకోటి ఉండేది. చెరుకు నరికే కాలం. చలి మొదలైతే ముఠాలు కదిలేవి, తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోయేవాళ్లు. చేను దగ్గర చెరుకాకు గుడిసెలో ఉంటూ, పొద్దు పొడవకముందే కట్టలు కట్టేవాళ్లు. వాళ్లకు ఆదివారం లేదు. తిరిగి వచ్చేసరికి మహాభారతంలో ఎవరు చనిపోయారో, ఎవరికి పెళ్లయిందో తోటి పిల్లలు చెప్పాలి. సీరియల్‌ను చూడకుండా విని తెలుసుకున్న బాల్యం అది. విన్నదాన్ని గుడిసెలో మళ్లీ తమ్ముళ్లకు చెప్పినవాళ్లున్నారు, మధ్యలో భాగాలు సొంతంగా కల్పించి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ గురించి కార్మికులు, రైతులు, నాయకులు చాలా మాట్లాడారు, మాట్లాడుతున్నారు. చెరుకాకు గుడిసెలో పెరిగిన పిల్లలు ఇప్పుడు నలభై దాటారు. వాళ్ల దగ్గరినుంచి ఒక్క వ్యాసం రావాలి.

సిరీస్ వచ్చిన ఆ 2024లోనే మన జిల్లాకు చెందిన రమేశ్ కార్తీక్ నాయక్‌కు 'ఢావ్లో' కథలకు సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. రెండింటినీ పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. పుస్తకం పేరు మాత్రం చూడండి. ఢావ్లో అంటే అత్తగారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే పాట. తండాలో పెరిగిన ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా ఆ గొంతు చెవిలో ఉంటుంది. టీవీలో అది రాలేదు, ఎవరి జాబితాలోనూ లేదు. దాన్ని పుస్తకం మీద పేరుగా పెట్టాక బయటివాళ్లు అర్థం అడిగి తెలుసుకున్నారు. అర్థం చెప్పాల్సిన మాటతోనే మొదలుపెట్టే ధైర్యం అది. శక్తిమాన్ అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు, అందుకే దానితో మొదలుపెట్టడం సుఖం.

ఇప్పటి తండా పిల్లల సంగతి వేరు. యూట్యూబ్‌లో బంజారా పాటలు ఎన్నైనా వస్తున్నాయి, డీజే కొట్టుడుతో సహా. మా ఇంట్లో ఐదేళ్ల పిల్ల వాటిని వింటూ అన్నం తింటుంది. పాటలో వచ్చిన గోర్ బోలి మాట అర్థం కాకపోతే వాళ్ల దాదిని అడుగుతుంది, తెలుగులో. ఆ దాది జవాబు గోర్ బోలిలో చెబుతుంది, పిల్ల మళ్లీ తెలుగులో అడుగుతుంది.