ఆల్బమ్‌కి ఎక్కని ముంజకాయల బండి

ఇంటి ఆల్బమ్‌లో బాల్యమంటే కొన్న బొమ్మే. మూడుచక్రాల సైకిలు, లేదంటే బొమ్మల కొలువు ముందు పట్టులంగా. ఆ కొలువుల్లో కొండపల్లి తాటిచెట్టు, దాన్నెక్కే గీతకార్మికుడి బొమ్మ కూడా కనిపిస్తయ్. చాకిరీ కులాలు బొమ్మలై లోపలికొచ్చినయ్, వాళ్ల పిల్లలు రాలే!

1900లో కొడాక్ కంపెనీ బ్రౌనీ కెమెరాని ఒక్క డాలరుకి, పిల్లలు కూడా తీయొచ్చని అమ్మింది. 1990లలో కూడా మా మాదిగవాడకి కెమెరా రాలే. మేం తిని పడేసిన ముంజకాయలకి పుల్ల గుచ్చి బండి చేసుకున్నం. ఇరుసుపుల్ల వంకరైతే బండి పక్కకు గుంజుతది. సరిచేసుకునే ఆ లెక్క ఏ ఫొటోలో ఉంది? నా మొదటి ఫొటో స్కాలర్‌షిప్ ఫారానికి తీసింది. మొహమే, చేతుల్లేవు.

ఇప్పుడు మా బడిపిల్లల ఇళ్లల్లో ఫోన్లున్నయ్. ఫొటో అనంగనే చేతిలో టైరు అవతల పడేసి బిగుసుకుని నిలబడతరు.