దించే వేళ: కోలారు గుంటగలగర నూనె

గుంటగలగర కాడను గోటితో తుంచి చూడండి. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి తెగిన చోట నలుపు తేలుతుంది. పసరు పిండిన వేళ్లయితే రెండు మూడు రోజులు సబ్బుకు లొంగవు. కోలారు జిల్లాలో చెరువు తూము కింద, వరిమడి గట్టున, బోరు నీళ్లు పారే కాలవ పక్కన, ఎక్కడ కాస్త తడి ఆరకుండా ఉంటే అక్కడ ఈ మొక్క మొలుస్తుంది. గరుకాకులు, చొక్కా గుండీకన్నా చిన్న తెల్లపూలు. తెలియనివాళ్లు కలుపని పీకి గట్టున పారేస్తారు. ఇక్కడి తెలుగిళ్లలో గుంటగలగర, కన్నడిగులకు గరుగ, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో తమిళ కార్మికుల లైన్ల ఇళ్లలో కరిసలాంకణ్ణి. ఎవరు ఏ పేరుతో కోసినా అది చేరేది తలనూనెలోకే.

ముళబాగిలు వైపు ఒక పల్లెలో ఆ నూనె కాచే అవ్వ పక్కన కూర్చునే అవకాశం నాకు దొరికింది. ఏమేం వేస్తావని అడిగితే ఆమె విసుక్కుంది. "ఆకులెక్కువేస్తే నూనె మంచిదయిపోతుందా నాయనా? కాచేదాంట్లో ఉండాది అంతా." ఇరవై మూలికల పేర్లు అచ్చేసిన సీసాలను కొనడానికి అలవాటుపడినవాళ్లం కాబట్టి ఆ మాట వెంటనే ఎక్కదు. పొయ్యి దగ్గర ఒక పూట కూర్చుంటే ఎక్కుతుంది.

ఆమె వాడేది కొబ్బరి నూనె, తిప్తూరు కొబ్బరితో గానుగ ఆడించింది. ఒక చెంబు నూనెకు నాలుగు చెంబుల పసరు, దంచిన ఆకుముద్ద పావు చెంబు. ఇంతే కొలత. ఆయుర్వేదం చదివినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ముద్ద ఒక పాలైతే నూనె నాలుగు పాళ్లు, ద్రవం పదహారు పాళ్లు అని శార్ఙ్గధర సంహిత చెబుతుంది. అవ్వ ఆ పుస్తకం పేరు కూడా విని ఉండదు. ఆమె అత్త చెంబుతో కొలిచింది కాబట్టి ఆమెదీ చెంబు కొలతే.

నాలుగు చెంబుల పసరు తేలిగ్గా రాదు. వేళ్లతో సహా పీకిన మొక్కల్ని బుట్టలకొద్దీ తెచ్చి, బురద పోయేదాకా కడిగి, నీళ్లోడ్చి, రోట్లో దంచి, పాత నూలుచీర ముక్కలో వేసి మెలితిప్పి పిండాలి. మిక్సీ పట్టిన పసరు నురగతో వస్తుందని, ఆ నురగ తర్వాత బాండ్లిలో దించే వేళ గురుతు తెలియనివ్వదని అవ్వ మిక్సీని దగ్గరికి రానివ్వదు. నాకిది కొంత మొండితనంగానే తోచింది. పసరును ఒక పూట కదపకుండా ఉంచితే నురగ దానంతటదే అణుగుతుంది. కానీ రోటి ముందు వాదించలేం, రోకలి ఆమె చేతిలో ఉంది.

పిడకల మంట, ఇనుప బాండ్లి. నూనె, పసరు, ముద్ద మూడూ ఒకేసారి పడతాయి. పొద్దున మొదలుపెట్టింది మధ్యాహ్నం దాటేదాకా సాగుతుంది. ఇంతసేపు నూనె పొయ్యి మీద ఉంటే మాడదా? మాడదు. బాండ్లిలో నీళ్లున్నంతసేపు వేడి, నీళ్లు మరిగే దగ్గరే ఆగిపోతుంది. కోలారు పీఠభూమి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా నూనె ఆ హద్దు దాటలేదు. ఆకులోని పచ్చదనం, చేదు, నూనెలో కరిగే సారం ఆ నిదానపు వేడిలోనే కొంచెం కొంచెంగా దిగుతాయి. పసరు నాలుగింతలు పోయమన్నది ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. పసరు సారాన్ని తెస్తుంది, నూనెకు కాపలా కూడా కాస్తుంది.

ఆ కాపలా తొలగే కొద్ది నిమిషాల్లోనే అవ్వ పనితనమంతా ఉంది. చివరి తడి పోగానే వేడి అమాంతం ఎగబాకుతుంది. పచ్చటి నూనె చూస్తుండగానే గోధుమరంగుకు తిరుగుతుంది, అడుగున మడ్డి మాడుతుంది, ఆ కమురు వాసన ఇక ఏ పచ్చకర్పూరానికీ పోదు. ముందే దించితే మరో తంటా. లోపల మిగిలిన తడికి నెల తిరక్కుండా నూనె ముక్కిపోతుంది. అందుకే మధ్యాహ్నందాకా మనవరాలితో కబుర్లాడుతూ గరిటె తిప్పిన మనిషి, ఒక దశ రాగానే నోరు మూసింది. చెవితో వినడం మొదలుపెట్టింది. నూనెలో తడి ఉన్నంతసేపు చిటపట ఉంటుంది. "అరుస్తా ఉంటే దించగూడదు" అంది, అంతే. ఆ అరుపు పలచబడుతుండగా గరిటె అంచున అంటిన ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. మొదటిసారి బురదలా వేలికి అంటింది. రెండోసారి సాగింది. మూడోసారి వత్తిలా చుట్టుకుంది. ఆ వత్తిని నిప్పులో వేస్తే చప్పుడు చేయకుండా వెలిగింది. అదే సమయానికి బాండ్లి మీద సన్నటి నురగ లేచింది. నెయ్యి పాకానికొస్తే నురగ అణుగుతుంది, నూనె పాకానికొస్తే నురగ లేస్తుంది. ఇదీ శాస్త్రంలో ఉన్న గురుతే.

శాస్త్రం పాకాన్ని మూడుగా విడదీసింది: ముద్ద మెత్తగా ఉంటే మృదుపాకం, చుడితే వత్తి అయితే మధ్యమం, గట్టిపడి పొడిపొడిగా రాలితే ఖరం. ముక్కులో వేసే నూనెకు మృదువు, లోపలికి పుచ్చుకునేదానికి మధ్యమం, ఒంటికి రాసేదానికి ఖరం తగినవని చరకుడు చెప్పాడు. తలకు రాసేదే కాబట్టి ఖరం దాకా ఉంచాలి. అవ్వ మాత్రం వత్తి చుట్టుకోగానే దించేసింది. ఇది తప్పని అనుకోబోయి బాండ్లి వంక చూశాను. మందపాటి ఇనుము. పొయ్యి మీద నుంచి దిగినా దాని వేడి వెంటనే దిగదు. మిగతా పాకం నేల మీదే పూర్తయింది. ఒక గడియ తర్వాత ముద్ద వేళ్ల మధ్య పొడిగా రాలింది. పలుచటి స్టీలు గిన్నె అయితే ఆమె ఇంకాసేపు ఉంచేదేమో. గిన్నె బరువును కూడా కొలతలో కలుపుకున్న ఈ లెక్క ఏ సంహితలోనూ నేను చూడలేదు.

వడకట్టిన నూనె ముదురు పచ్చ. డిసెంబరులో ఇక్కడి చలికి కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతుంది. అందుకని చలికాలానికి కాచేటప్పుడు మూడో వంతు నువ్వుల నూనె కలుపుతారు. కొందరు ఆముదం కలుపుతారు గానీ ఆ జిడ్డు వదిలించడానికి పడే పాట్లు చూస్తే నా ఓటు నువ్వులకే.

ఈ మొక్కకు చైనాలోనూ పెద్ద పేరుంది. తాంగ్ రాజుల కాలంలో, 659లో కూర్చిన ఔషధ గ్రంథంలో దీనికి చోటు దొరికింది. అక్కడి వైద్యులు దీన్ని హాన్ లియెన్ త్సావ్ అంటారు. వాళ్లు దీన్ని ఎండబెట్టి, కషాయం కాచి, ముఖ్యంగా కడుపులోకే ఇస్తారు. జుట్టు నెరవకుండా ఉండేందుకు ఇచ్చే 'అర్ జీ వాన్' అనే మాత్రలో ఉండేవి రెండే సరుకులు. ఒకటి నూజెన్ చెట్టు కాయ, రెండోది మన గుంటగలగర. కాయను దక్షిణాయనం ముగిసే రోజుల్లో, ఆకును ఉత్తరాయణం ముగిసే రోజుల్లో కోయాలన్నది నియమం. కాయను బియ్యపు సారాయిలో తడిపి ఆవిరి పట్టి ఎండబెడతారు. ఆకు కషాయాన్ని లేహ్యంలా దగ్గరపడేదాకా కాస్తారు. సరుకులు తక్కువ, చేత మీద పట్టింపు ఎక్కువ. మన అవ్వ ఆ చైనా వైద్యుడి ఎదురుగా కూర్చుంటే భాష రాకపోయినా ఇద్దరూ గరిటెతోనే మాట్లాడుకోగలరు.

ఆలోచనలో మాత్రం తేడా ఉంది. చైనా వైద్యం జుట్టును నెత్తురు మిగులుగా చూస్తుంది, మూత్రపిండాల బలం జుట్టులో కనబడుతుందంటుంది. ఆయుర్వేదం వెంట్రుకను ఎముక ధాతువు మలంగా లెక్కగడుతుంది. రెండూ ఈనాటి శరీరశాస్త్రానికి సరిపోయే మాటలు కావు. కానీ నెత్తురు మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు. ఒంట్లో ఇనుము తగ్గిన ఆడవాళ్లకు జుట్టు దండిగా ఊడటం చర్మవైద్యులు రోజూ చూసేదే. అలాంటివాళ్లకు నూనెకన్నా ముందు నెత్తురు పరీక్ష కావాలి. రాగిముద్ద, మెదిపిన ఆకుకూరల మస్సొప్పు, ఉలవల సారు తినే కోలారు వంటింట్లో మంచి సరుకే ఉంది. ఉన్నది ఇంట్లో ఆడవాళ్ల కంచందాకా వస్తున్నదా అన్నదే అడగాలి.

చైనా మందుల్లో జుట్టుకు మరీ పేరుమోసింది హో షౌ వూ అనే వేరు. పచ్చి వేరు విరేచనకారి. నల్ల సోయా గింజల కషాయంలో ఆవిరి పట్టి ఎండబెడితేగానీ అది జుట్టు మందు కాదు. అక్కడా పనితనమే ప్రాణం. ఇప్పుడది మాత్రలుగా ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరుకుతోంది. పచ్చిదైనా, పాకం చేసిందైనా దాన్ని మింగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో చాలా నమోదయ్యాయి. తలకు రాసుకునే నూనెలో కొంచెం తప్పు జరిగితే తల కడుక్కుంటే పోతుంది. మింగే మందుకు ఆ వెసులుబాటు లేదు.

మరి నూనె చేసేదేమిటి? కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, తల కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కొంత ఆపుతుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నూనె ఆ పని చేయలేకపోయాయి. ఆ పరిశోధన జరిగింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీ ప్రయోగశాలలోనే అని కూడా చెప్పుకోవాలి. గుంటగలగర సారం ఎలుకల్లో వెంట్రుకల ఎదుగుదల దశను త్వరగా మొదలుపెట్టించినట్టు ప్రయోగాలున్నాయి. మనిషి తల మీద అంత గట్టి సాక్ష్యం లేదు. వంశపారంపర్యంగా వచ్చిన బట్టతలను ఈ నూనె ఆపదు. ఉన్న జుట్టు చిట్లకుండా, చిక్కుపడకుండా, ఎండకు పీచులా కాకుండా ఉంచుతుంది. అవ్వ కూడా అంతకుమించి చెప్పదు. అందుకే ఆమె మాట మీద నాకు గురి.

నూనె పెట్టడం సగం పని. వదిలించడం రెండో సగం, కోలారులో అదే కష్టం. ఏడాది పొడవునా పారే నది ఈ జిల్లాలో లేదు. గోల్డ్‌ఫీల్డ్స్ లైన్లకు పాలారు మీది బేతమంగళం చెరువు నీళ్లొచ్చేవి. మిగతా పల్లెలు చెరువుల మీద, తర్వాత బోర్ల మీద పడ్డాయి. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఉప్పగా, గట్టిగా వస్తాయి. ఆ గట్టినీళ్లలోని సున్నంతో సబ్బు కలిస్తే తెల్లటి మడ్డి ఏర్పడి వెంట్రుకలకు అంటుకుంటుంది. కుంకుడు నురగకు ఆ బెడద లేదు, శీకాయ పులుపు వెంట్రుక పైపొరను నున్నగా పడుకోబెడుతుంది. పాతవాళ్లు సబ్బును తలకు తాకనివ్వకపోవడానికి ఇలాంటి నీళ్లు కూడా ఒక కారణం కావచ్చు. ఈనాటి షాంపూలు గట్టినీళ్లలోనూ పనిచేస్తాయి కాబట్టి కుంకుడు నలిపే ఓపిక లేనివాళ్లు తప్పు చేస్తున్నట్టు బాధపడనక్కర్లేదు.

కేజీఎఫ్‌లో ఈ నీళ్ల కష్టానికి దుమ్ము తోడు. బంగారం తీసిన రాతిపిండి సైనైడ్ దిబ్బలుగా ఊరి మధ్యే పేరుకుంది, గాలికాలంలో ఆ పిండి లేచి ఇళ్లలోకి వస్తుంది. నూనె తలకు ఆ దుమ్ము ఇంకా అంటుతుంది. అందుకని లైన్లలో ఆడవాళ్లు నూనె రాసిన రోజు కొంగు తలమీద వేసుకుంటారు, లేదా రాత్రి రాసి పొద్దున కడిగేస్తారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక ఊళ్లో చాలామంది బతుకు మారికుప్పం నుంచి పొద్దున్నే బెంగళూరుకు పోయే రైళ్లకు ముడిపడింది. మంగళ, శుక్రవారాల తలంటు కాస్తా ఆదివారానికి జరిగింది. తడి తలకు జడ బిగించి రైలెక్కడం మంచిది కాదు. తడిసిన వెంట్రుక సాగి తేలిగ్గా తెగుతుంది, బిగువైన జడ నుదుటి అంచున కుదుళ్లను పీకుతుంది. ముందురోజు రాత్రే తల కడుక్కొని ఆరబెట్టుకోగలిగితే అంతకు మించిన మందు లేదు.

దువ్వెన విషయంలో మాత్రం చైనా పెద్దల మాట నేను వినను. 610లో చావో యువాన్‌ఫాంగ్ రాజాజ్ఞ మీద రాసిన వైద్య గ్రంథం, వెయ్యిసార్లు దువ్వితే తల నెరవదంటుంది. అంత దువ్వుడుకు నెరవడానికి వెంట్రుక మిగలాలి కదా. వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీస్తూ పైకి పోతే చాలు. తలంటు విషయంలోనూ అక్కడి పద్ధతి మనకు కుదరదు. చైనాలోని గ్వాంగ్‌షీలో హువాంగ్‌లువో ఊరి ఎర్ర యావో ఆడవాళ్లు పులిసిన బియ్యపు కడుగుతో తల కడుగుతారు, వాళ్ల జుట్టు మోకాళ్ల దాకా జారుతుంది. రాగులు తినే మనకు అంత కడుగు ఎక్కడిది?

ఈమధ్య అవ్వకు ఆకు కోసే చోటే పెద్ద చిక్కయింది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువుల్లోకి పంపిస్తున్నారు. ముందుగా నిండిన లక్ష్మీసాగర చెరువులో అప్పట్లో నురగ తేలి, వ్యవహారం హైకోర్టుకు పోయింది. ఎండిన బోర్లలో నీళ్లు పడ్డాయని రైతులు సంతోషిస్తున్నారు, అది నిజమే. గుంటగలగర మాత్రం తను నిలబడ్డ నీళ్లలోని కొన్ని లోహాలను పీల్చుకోగల రకం మొక్క. అందుకని అవ్వ ఆ చెరువుల వైపు పోదు. వానకు నిండే చిన్న కుంటల దగ్గరే కోస్తుంది, అది చాలకపోతే పెరట్లో తొట్టి నీళ్లు పారే చోట తనే వేసుకున్న మడిలో కోస్తుంది. పసరు నాలుగు చెంబులకు తగ్గితే ఆ ఏడాది నూనె కూడా తగ్గించి కాస్తుంది.