మొదటి పంక్తి ఎవరిది?

అరిసెలు ఒక్కరి వల్ల అయ్యే వంట కాదు. నానిన కొత్త బియ్యాన్ని వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లించి, చెమ్మ పోకుండా అదిమి మూత పెట్టేదాకా ఒకరిద్దరు చాలు. బెల్లం పొయ్యెక్కాక మాత్రం అయిదుగురికి తక్కువైతే పని సాగదు. పాకం చూసే మనిషి పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు. పాకం వచ్చిందనగానే ఒకరు పిండి పోస్తుంటే ఆవిడ ఉండలు కట్టకుండా తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. ఆ చలిమిడి వేడి చల్లారకుండా ఒకరు నువ్వులద్ది అరిటాకు మీద తడితే, ఒకరు నూనెలో వేసి తీస్తారు, ఇంకొకరు అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె వత్తుతారు. వత్తే చెయ్యి ఆగిందా, మూకుట్లో ఉన్నది మాడుతుంది.

మా ఇంట్లో పాకం దొడ్డమ్మది. పళ్లెంలో నీళ్లు పోసుకుని, అందులో ఒక చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరికి తీస్తుంది. మెత్తగా ఉండ కట్టిందంటే దించేయమంటుంది. చెదిరిపోతే ఇంకా లేత, అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఉండ గట్టిగా రాయిలా తగిలితే ముదిరిపోయినట్టు, రెండో రోజుకే అరిసె పళ్లకు పని చెబుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అనేది మా లెక్క. కానీ బెల్లాలన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని పొంగుతాయి, కొన్నిటికి మడ్డి ఎక్కువ, వడకట్టుకోవాలి. అందుకే దొడ్డమ్మ గడియారం చూడదు, నీళ్ల పళ్లెమే చూస్తుంది. వచ్చిన బెల్లం ఎలాంటిదో మొదటి వాయిలోనే పోల్చుకుంటుంది.

తెలంగాణలో సకినాలదీ ఇదే తీరు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద పరిచిన బట్ట చుట్టూ ఆడవాళ్లు కూర్చుని వేళ్ల మధ్య నుంచి పిండిని జారవిడుస్తూ చుట్లు తిప్పుతారు. బట్ట తడి పీల్చుకున్నాక గాని నూనెలో వేయరు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చోకపోతే ఆ పని పొద్దుగూకినా తెమలదు. ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అని వంతులు వేసుకుంటారు. పంట ఇంటికొచ్చే రోజుల్లోని వంటలన్నీ పదిమంది చేతులు కోరేవే కావడం నాకెప్పుడూ గొప్పగా తోస్తుంది. పండక్కి మనుషులు చేరతారు కాబట్టి ఇవి వండుతున్నామా, ఇవి వండాలి కాబట్టి చేరుతున్నామా అనిపిస్తుంది.

భోగి నాటికి మా ఇంట్లో నలభై మంది దాకా తేలతాం. హైదరాబాద్ నుంచి బయల్దేరిన వాళ్లు పంతంగి టోల్‌గేటు దగ్గర ఆగిపోయామని ఒక ఫోను, రావులపాలెం వచ్చేశామని ఒక ఫోను చేస్తారు. రెండో ఫోను వచ్చాకే ఎసరు పెడతాం. పెరట్లో గాడిపొయ్యి తవ్వి, గుండిగలు ఎక్కించి వండుతాం. నలభై మంది వంటకి చెయ్యి తిరగడమంటే కొలతలు పెంచడం కాదు. నలుగురికి వండే కూరని పదింతలు చేస్తే ఉప్పు, కారం, నీళ్లు ఏవీ పదింతలు పట్టవు. గుమ్మడికాయ దప్పళంలో చింతపండు పులుసు ముందే మొత్తం పోసేస్తే ముక్క ఉడకదు. చిక్కుడుకాయ పెద్ద బాండీలో తన నీటికే మెత్తబడిపోతుంది. ఇక ఉప్పు వేసే చెయ్యి ఒక్కటే ఉండాలి. ఇంతమంది అటూ ఇటూ తిరిగే వంటశాలలో ఇద్దరు ఉప్పు వేస్తే ఆ గుండిగ ఇక దక్కదు. మా పిన్ని తప్ప ఉప్పు డబ్బా ఇంకెవరూ ముట్టరు, మా నాన్నమ్మ కాలం నుంచీ ఇదే కట్టుబాటు.

కొత్త అల్లుడి ముందు వందల రకాలు పరిచి ఫొటోలు తీయించడం ఈమధ్య మా గోదావరి జిల్లాల్లో ఎక్కువైంది. మర్యాద చెయ్యాలన్న ప్రేమను కాదనను. కానీ అన్ని రకాలు ఆ ఇంటి చేతులు వండలేవు, ఆ అబ్బాయి తినలేడు. పరమాన్నం, పులిహోర, గారెలు, దప్పళం, రెండు కూరలు, కొత్తావకాయ ఇంకా రాలేదు కాబట్టి పాత జాడీ అడుగున మిగిలిన ముక్క, గడ్డ పెరుగు. వేడిగా, వంతు తప్పకుండా ఆకులోకి వస్తే ఇంతకు మించిన మర్యాద లేదు.

ఆకులో ఏం పడుతుందన్న దానికంటే ఎవరి ఆకు ముందు పడుతుందన్నదే నాకు పెద్ద విషయం. మా ఇంట్లో ఏళ్ల తరబడి మొదటి పంక్తి పిల్లలూ అల్లుళ్లూ, రెండోది పెదనాన్నలూ బాబాయిలూ. వండినవాళ్లు మూడో పంక్తి. అప్పటికి గారెలు చల్లారి, దప్పళంలో ముక్కలు అయిపోయి, వడ్డించే మనుషులు ఉండేవారు కాదు. గిన్నెలు మధ్యలో పెట్టుకుని తమకు తామే వడ్డించుకునేవారు.

కనుమ నాడు ఈ తేడా మరీ తెలిసేది. ఆ రోజు మా కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి, వెదురుతో కట్టి అలంకరించిన ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. పచ్చని చేలలో నుంచి మోసుకొస్తుంటే రైతు అడ్డు చెప్పడు. గంగలకుర్రు వాళ్ల ప్రభలు కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటుతాయి. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది ఈ తీర్థమే. మా ఇంటి నుంచి అంత దూరం కూడా కాదు. అయినా దొడ్డమ్మ కాపురానికొచ్చాక దాన్ని సరిగా చూసింది లేదు. మగవాళ్లు తిని వెళ్లిపోయేవారు. ఆవిడ తిని, గిన్నెలు సర్దేసరికి జనం తిరిగొస్తుండేవారు.

మార్చింది మా పెద్ద వదిన. ఒక కనుమ నాడు గారెల మూకుడు దించి, వండిన వాళ్లందరినీ పిలిచి, ఆకులు వేసి కూర్చోబెట్టింది. "బాబాయి గారూ, ఇవాళ వడ్డన మీది" అంది. బాబాయి ఒక్క క్షణం చూసి, కండువా నడుముకి బిగించి నేతి గిన్నె అందుకున్నాడు. ఇంట్లో అప్పటిదాకా వడ్డన చేతకానిదెవరికో ఆ పూట తెలిసింది. పప్పు పడిన వెంటనే నెయ్యి పడాలి. గరిటె ఆకుకి తగలకూడదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టినా ఒకసారి బతిమాలాలి, రెండోసారి ఆగాలి. చారు వచ్చేసరికి అన్నం మళ్లీ రావాలి. ఇవన్నీ వాళ్లు నేర్చుకున్నారు, బాగా నేర్చుకున్నారు. ఏ మూల ఎవరి ఆకు ఖాళీ అయిందో బాబాయి ఇప్పుడు నిలబడిన చోటి నుంచే చెబుతాడు. ఆ సాయంత్రం దొడ్డమ్మ కొత్త చీర కట్టుకుని, చేల గట్ల వెంబడి మాతో తీర్థానికి నడిచింది.

ఈసారి వంట కేటరింగ్ వాళ్లకి ఇచ్చేద్దామని మాలో కొందరన్నారు. ఆడవాళ్లు అలిసిపోతున్నారన్న బాధతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు, వదినా ఒప్పుకోలేదు. అలుపు తీరాలంటే పని ఇల్లు దాటి పోనక్కర్లేదు, ఇంట్లోనే చేతులు మారితే చాలు. పనులు కాగితం మీద రాసుకున్నాం. మినప్పప్పు రుబ్బడం, గాడిపొయ్యి, అన్నం వార్చడం మగపిల్లలవి. ఉప్పు పిన్నిదే. పాకం దగ్గర దొడ్డమ్మ పీట వేసుకుని కూర్చుంటుంది, తెడ్డు మాత్రం పుణెలో చదువుతున్న మనవడిది. నీళ్ల పళ్లెంలో చుక్క వేసి చూడటం వాడికి ఫోనులో ఇప్పటి నుంచే చెబుతోంది.