సర్దుబాటుకూ ఓ హద్దు

మొన్న ఆదివారం మా మేనకోడలు ఫోన్లో చెప్పిన సంగతి ఈ వారమంతా నన్ను వేధించింది. తను అమెరికాలో ఒక కౌంటీ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో లాయరు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున సర్కారు జీతం మీద వాదించే ఉద్యోగం. "మావయ్యా, ఇకనుంచి చేసే ప్రతి పనికీ టైమ్ షీట్ రాయాలట. ఆరు నిమిషాలకో లెక్క. జైల్లో మనిషిని కలిస్తే ఇంత, వాళ్లమ్మతో మాట్లాడితే ఇంత" అంది.

ఈ కాలమ్ చదివేవారికి నా సంగతి తెలుసు. టీచర్ల ముఖ హాజరు యాప్ మీదా, రోగిని వదిలి కంప్యూటర్ నింపుతూ కూర్చోవలసి వస్తున్న నర్సుల మీదా ఇక్కడే రాశాను. పని తెలిసినవాణ్ణి నమ్మాలి తప్ప గడియారాన్ని కాపలా పెట్టకూడదని నా వాదన. కొడుకు జైలుపాలైన తల్లి ఏడుస్తుంటే ఆరో నిమిషం ఎక్కడుందో ఎవరు చూస్తారు? ఆ కోపంతోనే ఈ వారం రాయడానికి కూర్చున్నాను.

సర్కారు వారి న్యాయ వ్యవహారాల ఆఫీసు నడపడం అంటే నాకు మా పెద్దనాన్న గుర్తొస్తారు. రాజమండ్రిలో గవర్నమెంట్ ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేశారాయన. పేరుకు గుమాస్తాయే గానీ, ఏ కేసు కట్ట ఎవరి బల్ల మీదికి వెళ్లాలో నిర్ణయించేది ఆయనే. భూసేకరణ కేసులు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడేవి. వాయిదా దగ్గరపడుతుండేది, తహసీల్దారు ఆఫీసు నుంచి రికార్డు రాదు. అప్పుడు ఆయన పంపకం చూడాలి. సాక్షిని అడగడంలో దిట్ట అయిన జూనియరుకు విచారణకొచ్చిన కేసులు, రాత బాగున్నవాడికి కౌంటర్లు. భార్య పురిటికి వెళ్లిన కుర్రాడికి ఆ నెల తేలిక కట్టలు. టైపిస్టుకు చూపు మందగిస్తోందని అందరికంటే ముందు కనిపెట్టి, పొడుగు కాగితాలు పొద్దుటిపూటే అతని ముందు పెట్టేవారు. కొత్త జూనియరు జడ్జి గారి ముందు తడబడితే, సాయంత్రం అందరూ వెళ్లాక పక్కన కూర్చోబెట్టుకుని ఏ పేరా నుంచి మొదలుపెట్టాలో చూపించేవారు. మందలింపు మాత్రం నలుగురిలో చేసేవారు కాదు.

ఎవరైనా పని మానేస్తే ఆ కట్టలు మా ఇంటి వసారాలోకి వచ్చేవి. అన్నం తిని చెయ్యి కడుక్కుని మళ్లీ వాటి ముందే కూర్చునేవారు. కొత్త కేసు ఎంత పెద్దదొచ్చినా ఆయన నోట ఒకటే మాట: "సర్దుదాం లెండి." మనుషుల్ని ఎలా చూసుకోవాలని నన్నెవరడిగినా ఆయన గురించే చెబుతూ వచ్చాను.

ఈసారి ఆ జ్ఞాపకంలో ఇంకో సంగతి తట్టింది. అన్నేళ్లలో ఇంకో మనిషి కావాలని ఆ ఆఫీసు నుంచి కలెక్టరుకు కాగితం వెళ్లినట్టు నేను వినలేదు. అవసరం పైకి కనబడలేదు. అతిథులు పెరిగినకొద్దీ చారులో నీళ్లు పోస్తే ఎవరి విస్తరీ ఖాళీగా ఉండదు, ఇంట్లో పప్పు నిండుకున్న సంగతీ ఎవరికీ తెలియదు. ఆయన రిటైరయ్యాక కొద్ది నెలల్లోనే కట్టలు పేరుకుపోయాయి. కొత్త గుమాస్తా చేతకానివాడని అందరూ తేల్చేశారు. ఆ ఆఫీసులో మనుషులు ఎప్పుడూ చాలినంత లేరని మాత్రం ఎవరూ అనలేదు.

అక్కడ కక్షిదారు సర్కారే. కేసు నలిగితే నష్టమూ సర్కారుదే. పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో అలా కాదు. సర్దుబాటు ఖరీదు ముద్దాయి కడతాడు, అదీ జైల్లో కూర్చుని.

1963 మార్చి 18న క్లారెన్స్ గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, తీవ్ర నేరం మోపిన పేదవాడికి రాష్ట్రమే లాయర్ని ఇవ్వాలంది. ఫ్లోరిడా జైలు నుంచి పెన్సిలుతో అర్జీ రాసుకున్న మనిషి గిడియన్. లాయరు దొరికాక, అదే ఏడాది ఆగస్టులో మళ్లీ విచారణ జరిపితే నిర్దోషిగా బయటికొచ్చాడు. హక్కు వచ్చింది. ఒక్కో లాయరుకు ఎన్ని కేసులన్న ప్రశ్న మిగిలింది. 1973లో ఒక జాతీయ కమిషన్ ఏడాదికి 150 ఫెలనీలు (తీవ్ర నేరాల కేసులు), లేదంటే 400 మిస్‌డిమీనర్లు (చిన్న నేరాలవి) మించకూడదంది. ఏడాదికి 2,080 పని గంటలు వేసుకుంటే ఫెలనీకి పద్నాలుగు గంటలు కూడా రావు. హత్యయినా దొంగతనమైనా ఆ లెక్కలో ఒకటే. అర్ధ శతాబ్దం పాటు చాలా ఆఫీసులకు ఆ అంకెలే కొలబద్ద. వాటినీ దాటి కేసులు మోసిన ఆఫీసులున్నాయి.

2023లో ర్యాండ్ పరిశోధన సంస్థ, అమెరికన్ బార్ అసోసియేషన్ తదితరులు కలిసి కొత్త లెక్క తీశారు. 33 మంది అనుభవజ్ఞులైన లాయర్లు కూర్చుని ఏ తరహా కేసుకు ఎన్ని గంటలు పడతాయో తేల్చారు. హత్య కేసుకు 248 గంటలు. ఫెలనీల్లో తేలికపాటిదానికి 35. అంటే అలాంటివి ఏడాదికి 59, హత్య కేసులైతే ఎనిమిది. పోలీసుల బాడీ కెమెరా వీడియోలూ, సెల్‌ఫోన్ రికార్డులూ 1973లో లేవు. ఇప్పుడవన్నీ లాయరు కూర్చుని చూడాలి.

2016 ఆగస్టులో మిస్సోరిలో జరిగినదీ చెప్పాలి. పబ్లిక్ డిఫెండర్ల అధిపతి మైకేల్ బారెట్ తన లాయర్లు ఇక మోయలేరని చెప్పి చెప్పి విసిగిపోయారు. చట్టసభ ఇచ్చిన అదనపు నిధుల్లో ఎక్కువ భాగాన్ని గవర్నర్ జే నిక్సన్ ఆపేశారు. నిక్సన్ కూడా లాయరే, పదహారేళ్లు ఆ రాష్ట్ర అటార్నీ జనరల్‌గా చేసిన మనిషి. బారెట్ ఒక పేద ముద్దాయి కేసును ఏకంగా ఆ గవర్నరుకే అప్పగిస్తూ ఉత్తరం రాశారు. కోర్టు ఆ నియామకం చెల్లదంది. అయినా కొరత ఎవరివల్ల వచ్చిందో వాళ్ల బల్ల మీదికే కట్టను చేర్చాలన్న ఆయన ఆలోచన నాకు నచ్చింది. ఆయన "సర్దుదాం లెండి" అనలేదు.

వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 జూన్‌లో కేసుల పరిమితి తగ్గించింది. తీవ్రతను బట్టి కేసుకింత అని విలువ కట్టి, లాయరుకు ఏడాదికి 47 ఫెలనీ యూనిట్లు లేదా 120 మిస్‌డిమీనర్ యూనిట్లు చాలంది. 2026 జనవరి నుంచి మొదలుపెట్టి పదేళ్లలో అక్కడికి చేరాలి. గంటల లెక్క లేకపోతే ఇలాంటి హద్దు గీయడానికి ఆధారమేముంది? కేసుకు ఎంత పని పడుతుందో చూపించకుండా, మనుషులు కావాలని చట్టసభను ఏమని అడుగుతారు?

కాబట్టి మా మేనకోడలు ఆ షీటు రాయాలనే అంటాను, తల్లి ఏడ్చిన నిమిషాలతో సహా. ఒక్కటే షరతు. ఆ కాగితం లాయరు ప్రమోషన్ ఫైలులోకి పోకూడదు. నీకెందుకింత ఆలస్యమని అడగడానికి వాడితే అది మళ్లీ నేను తిట్టే కాపలాయే అవుతుంది. అది వెళ్లవలసింది జడ్జి ముందుకు, కౌంటీ బడ్జెట్ సభలోకి.

మన జిల్లా కోర్టుల్లోనూ 2022 నుంచి జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) పథకం కింద పేద ముద్దాయిల కోసం లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులు వస్తున్నాయి. వాటిని నడిపేవారికి నా విన్నపం ఇదే. మా పెద్దనాన్న ఓర్పుతో, కళ్లతో మనుషుల్ని చూసుకోండి. లెక్క మాత్రం మొదటి రోజు నుంచీ రాయండి. మోయలేని కేసు వచ్చినప్పుడు మా వల్ల కాదని కాగితం మీద పెట్టి, పక్కన అంకె వేయండి. కింద పనిచేసే కుర్రాళ్లకూ, జైల్లో ఎదురుచూసే ముద్దాయికీ ఆఫీసు పెద్ద చేయగల మేలు అంతకు మించి లేదు.